మసక అద్దం ముందు ఆవేశం

దువ్వెనతో తల దువ్వుకొని, దాంతో చిత్తుకాగితం ముక్కల్ని ఎత్తించని వాళ్ళు మనలో ఉండరు. కాగితంలో ధనావేశం ఎంతో ఋణావేశమూ అంతే. మొత్తం మీద సున్న. అలాంటప్పుడు దువ్వెన దాన్ని ఎందుకు లాగాలి? కూలుంబ్ సూత్రంలో ఒక ఆవేశం బదులు సున్న వేస్తే బలమూ సున్నే రావాలి గదా!

రోధకంలో ఎలక్ట్రాన్లు లోహంలోలాగా స్వేచ్ఛగా తిరగవు. అయినా ఎదుట ఒక ఆవేశం వచ్చి నిలిస్తే ప్రతి అణువులోనూ ధన, ఋణ భాగాలు రవ్వంత ఎడంగా జరుగుతాయి. దీన్నే ధ్రువణం అంటాము. అందువల్ల దగ్గరి ముఖం మీద విజాతి ఆవేశం తేలుతుంది, సజాతి ఆవేశం దూరపు అంచున మిగులుతుంది. దగ్గరిదాని ఆకర్షణే గెలుస్తుంది. ఎదుటి ఆవేశం ధనమైనా ఋణమైనా కథ ఒకటే.

మరి ఈ బలం ఎంత? చదునైన, బాగా మందమైన దిమ్మె ఎదుట గాలిలో ఒక బిందు ఆవేశాన్ని ఉంచామనుకోండి. దిమ్మె ముఖం మీద పరుచుకున్న ఆవేశమంతా గాలివైపు చూపే ప్రభావం, ముఖానికి వెనక అంతే దూరంలో ఒక ప్రతిబింబ ఆవేశం ఉన్నట్టే ఉంటుంది. రోధక స్థిరాంకం 'కె' అయితే ఆ ప్రతిబింబం అసలు ఆవేశంలో (కె – 1)/(కె + 1) వంతు. గుర్తు మాత్రం వ్యతిరేకం. లోహం నిలువుటద్దమైతే రోధకం మసక అద్దమన్నమాట. 1 మైక్రోకూలుంబ్ ఆవేశం 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పెద్ద లోహపు పలక దాన్ని 0.225 న్యూటన్ల బలంతో లాగుతుంది. కె విలువ 5 ఉన్న గాజు దిమ్మె 0.15 న్యూటన్లతో లాగుతుంది. నీటికి కె సుమారు 80 కాబట్టి దాదాపు 0.22. అంటే ఈ విషయంలో నీరు లోహానికి ఏమాత్రం తీసిపోదు!

నేను మార్కులు పోగొట్టుకున్న చోటు కూడా చెప్పేస్తాను. ఆవేశాన్ని అనంత దూరం నుంచి అక్కడికి తెచ్చే పని ఎంత అని అడిగితే, ప్రతిబింబాన్ని నిజమైన ఆవేశంగా తీసుకొని స్థితిశక్తి సూత్రంలో వేసేశాను. జవాబు సరిగ్గా రెట్టింపు వచ్చింది. మనం ఆవేశాన్ని జరిపితే ప్రతిబింబమూ జరుగుతుంది. అది ఒకచోట కూర్చుని ఉండేది కాదు. అందుకే సగమే తీసుకోవాలి.

ఇప్పుడు చోటు తారుమారు చేద్దాం. ఆవేశం నీటిలో ఉంది, పైన గాలి. ప్రతిబింబం గుర్తు మారి సజాతి అవుతుంది. ఆవేశం ఉపరితలం నుంచి లోపలికి నెట్టబడుతుంది. ఉప్పునీటిలో సోడియం, క్లోరైడ్ అయాన్లు రెండింటికీ ఇదే గతి. ఉప్పు కలిపితే నీటి తలతన్యత తగ్గకుండా కొంచెం పెరగడానికి ఆన్‌సాగర్, సమరాస్‌లు 1934లో ఈ నెట్టుడునే ఆధారం చేసుకొని లెక్క కట్టారు. పలుచని ద్రావణాలకు అది బాగానే కుదిరింది. గాఢత పెరిగినకొద్దీ మాత్రం అయాన్ల పరిమాణం, స్వభావం కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.