మాట వినిపిస్తోంది.. మీరే కనిపించట్లేదా?

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ప్రశ్న స్పష్టంగానే వినిపించింది. మీరు జవాబు మొదలుపెట్టగానే అవతల మీ బొమ్మ ఆగిపోయింది. పెనుగొండలోనో, సిద్ధాంతం, వడలి లాంటి పక్క ఊళ్లలోనో ఇంకా ల్యాండ్‌లైన్ తీగ మీదే నెట్ వాడుతున్నారా? అయితే కారణం తెలుసుకోవాల్సిందే.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ ‘డేటావన్’ మొదలుపెట్టినప్పుడు 256 కేబీపీఎస్ ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండే. ఆ తర్వాతి ఏడీఎస్‌ఎల్2ప్లస్‌లో డౌన్‌లోడ్ 24 ఎంబీపీఎస్ దాకా వెళ్లగలదు. అప్‌లోడ్ మాత్రం దాదాపు 1 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. మీ ముఖం, మాట వెళ్లాల్సింది ఆ సన్నని దారిలోనే! ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే ఆ దారి నిండిపోతుంది. ఇంటర్వ్యూ పూర్తయ్యేదాకా మిగతా ఫోన్ల వైఫై ఆపించండి.

ఇక లైను సంగతి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా మోడెమ్‌ల పేజీ తెరుచుకుంటుంది. అందులో రెండు అంకెలు చూడండి. అటెన్యుయేషన్ 40 డెసిబెల్స్ ఉంటే ఎక్స్చేంజి నుంచి తీగ సుమారు 3 కిలోమీటర్లు ఉన్నట్టు. దాన్ని మీరు తగ్గించలేరు. ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ 6 కంటే తక్కువుంటే మాత్రం లైను తరచూ తెగుతుంది. దీన్ని చాలాసార్లు బాగుచేయొచ్చు. ఇంట్లో ప్రతి ఫోన్ సెట్టూ స్ప్లిట్టర్ తర్వాతే ఉండాలి. పక్క గదికి లాగిన ఎక్స్‌టెన్షన్ తీగ తీసేసి, మోడెమ్‌ని లైను ఇంట్లోకి వచ్చే చోటే పెట్టి మళ్లీ చూడండి. అంకె పెరిగిందా, తప్పు ఇంటి వైరింగ్‌దే.

పెరగకపోతే రిసీవర్ ఎత్తి వినండి. వాన పడ్డాక గరగర వస్తోందంటే ఎక్కడో జాయింట్‌లో నీరు చేరి ఉండొచ్చు. అడుగు తవ్వితే నీరూరే డెల్టా నేల కదా మనది! ‘నెట్ స్లో’ అని కాకుండా ‘లైనులో శబ్దం ఉంది, ఎస్‌ఎన్‌ఆర్ ఇంత’ అని అంకెతో ఫిర్యాదు రాయించండి.

ఈసీఈ, డిప్లొమా విద్యార్థులకు ఇందులో ఇంకో లాభం ఉంది. అటెన్యుయేషన్, ఎస్‌ఎన్‌ఆర్ మీరు పుస్తకంలో చదివినవే. నెట్‌వర్క్ సపోర్ట్ ఇంటర్వ్యూలో నిర్వచనం అందరూ అప్పజెబుతారు. మా ఇంటి లైనులో తప్పు ఇలా పట్టుకున్నానని చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఫైబర్‌లోనూ లెక్క డెసిబెల్స్‌లోనే కాబట్టి ఆ అలవాటు వృథా పోదు.

మీ వీధికి ఫైబర్ వచ్చి ఉంటే మాత్రం ఈ తంటాలు మాని మారిపోండి. రాలేదంటే ముందురోజు, అదే వేళకి స్నేహితుడికి వీడియో కాల్ చేసి చూసుకోండి. ఫోన్ హాట్‌స్పాట్ కూడా సిద్ధంగా ఉంచుకోండి.