పది కిలోల గుండె

ఊపిరితిత్తుల పాఠం చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "సార్, కుక్క పరిగెత్తి వస్తే నోరు తెరుచుకుని రొప్పుతుంది కదా, గుర్రం అలా ఎందుకు చెయ్యదు?" గుర్రం ముక్కుతో తప్ప నోటితో ఊపిరి తీసుకోలేదు అని చెప్పేస్తే జవాబు అయిపోతుంది. కానీ ఆ జవాబు వెనక ఉన్న యంత్రం నాకు ఎంతో ఇష్టమైనది. దాన్ని చూపించడానికి సెక్రటేరియట్‌ను మించిన గుర్రం లేదు.

దౌడు తీసే గుర్రం ఊపిరి దాని ఇష్టాన ఉండదు, కాళ్ల ఇష్టాన ఉంటుంది. ముందుకాళ్లు నేలను తాకినప్పుడు ఛాతీ నొక్కుకుపోయి గాలి బయటికి పోతుంది. అవి మళ్లీ ముందుకు చాచుకున్నప్పుడు గాలి లోపలికి వస్తుంది. కమ్మరి కొలిమి తిత్తిలాగా అంగకు ఒక్క ఊపిరి, అంతే. ఆయాసం వచ్చింది కదా అని మధ్యలో ఇంకో రెండు ఊపిర్లు పీల్చుకునే వీలు లేదు.

మరి ఒళ్లంతా ఆక్సిజన్ కోసం అల్లాడుతుంటే ఏం చెయ్యాలి? మొదట ఆదుకునేది ప్లీహం. తీరిగ్గా ఉన్నప్పుడు దాచుకున్న ఎర్ర రక్తకణాలను పరుగు మొదలవగానే రక్తంలోకి వదులుతుంది. రక్తంలో వాటి వాటా 40 శాతం దగ్గర్నుంచి 60 శాతం పైకి ఎగబాకుతుంది. అంత చిక్కబడ్డ రక్తాన్ని తోయాల్సింది గుండె. నిలబడి గడ్డి మేస్తున్నప్పుడు నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకునే ఆ గుండే పందెంలో 220 దాకా వెళుతుంది. ఈ పై హద్దు రేసుగుర్రాలన్నిటికీ ఇంచుమించు ఒకటే. ఎంత తర్ఫీదు ఇచ్చినా అది పెద్దగా కదలదు. ఇక గుర్రానికీ గుర్రానికీ తేడా ఎక్కడ వస్తుందంటే, కొట్టుకున్న ప్రతిసారీ గుండె ఎంత రక్తం తోస్తుందన్న దగ్గర. అంటే గుండె ఎంత పెద్దదన్న దగ్గర.

సెక్రటేరియట్ 1970 మార్చి 30న అమెరికాలోని వర్జీనియాలో పుట్టింది. తండ్రి బోల్డ్ రూలర్, తల్లి సమ్‌థింగ్‌రాయల్. పిల్లల పంపకానికి ఆ రెండు గుర్రాల యజమానులు నాణెం ఎగరేస్తే తల్లి గుర్రం యజమాని పెన్నీ చెనెరీ ఓడిపోయింది. ఓడినందుకే, అప్పటికింకా తల్లి కడుపులో ఉన్న ఈ పిల్ల ఆమె వంతుకు వచ్చింది.

1973 మే 5న జరిగిన కెంటకీ డెర్బీ అంకెలు చూడండి. దూరం మైలుంపావు. ఒక్కో పావుమైలుకు సెక్రటేరియట్‌కు పట్టిన సెకన్లు వరసగా 25.2, 24, 23.8, 23.4, 23. రేసుగుర్రం సాధారణంగా మొదట్లో ఉరికి చివర్లో నెమ్మదిస్తుంది. ఆక్సిజన్ చాలక కండరాల్లో ఆమ్లం పేరుకుంటుంది, అంగ కుంచించుకుపోతుంది. ఇక్కడ మాత్రం ప్రతి పావుమైలూ ముందుదానికంటే వేగంగా సాగింది. చివరిదే అన్నిటికంటే వేగం! మొత్తం 1 నిమిషం 59.4 సెకన్లు. అంతకుముందు ఆ పందాన్ని రెండు నిమిషాల లోపు ఏ గుర్రమూ ముగించలేదు.

రెండో స్థానంలో వచ్చిన షామ్‌ను మరిచిపోతే అన్యాయం. బయల్దేరేటప్పుడే గేటుకు తల కొట్టుకుని, పళ్లు కదిలి నెత్తురు కారుతున్నా అది రెండున్నర లెంగ్తుల తేడాలోనే నిలిచింది. ముక్కు నుంచి తోక దాకా ఒక గుర్రం పొడవే ఒక లెంగ్తు. తర్వాతి పందెం ప్రీక్‌నెస్‌లోనూ అంతే తేడా. వేరే ఏ ఏడాది పుట్టినా షామ్ చాంపియన్ అయ్యేదని నా గట్టి నమ్మకం.

జూన్ 9న మూడో పందెం, మైలున్నర బెల్‌మాంట్. మొదటి ఆరు ఫర్లాంగులు సెక్రటేరియట్, షామ్ రెండూ దాదాపు పక్కపక్కనే, 69.8 సెకన్లలో దూసుకెళ్లాయి. అంత దూరపు పందానికి అది ఆత్మహత్యలాంటి వేగం. షామ్ గుండె అక్కడితో చాలించుకుంది. పాపం, ఐదు గుర్రాల్లో చివరన వచ్చింది. మళ్లీ పందెం ఎరగదు. సెక్రటేరియట్ మాత్రం దూరమవుతూనే పోయింది. ముగింపు దగ్గర జాకీ రాన్ టర్కాట్ తల పక్కకు తిప్పి మైదానంలోని టైము బోర్డు వంక చూశాడు. వెనక ఏ గుర్రమూ దరిదాపుల్లో లేదు, ఇక పోటీ గడియారంతోనే. తేడా 31 లెంగ్తులు, సమయం 2 నిమిషాల 24 సెకన్లు. పాతికేళ్ల తర్వాత ఒక గుర్రం ఆ మూడు పందాలూ ఒకే ఏడాది గెలిచింది.

1989లో గిట్టల జబ్బు ముదిరి సెక్రటేరియట్ చనిపోయాక పశువైద్యుడు థామస్ స్వెర్‌జెక్ దాన్ని కోసి చూశారు. రేసుగుర్రం గుండె మామూలుగా నాలుగు కిలోల చిల్లర ఉంటుంది. దీనిది ఎక్కడా వాపు, లోపం లేకుండా నిక్షేపంగా ఉంది, కాకపోతే రెట్టింపుకు మించి పెద్దది. దాన్ని తూకం వేయలేదు. నాలుగేళ్ల తర్వాత షామ్ చనిపోతే ఆ గుండెను ఆయనే తూచారు, ఎనిమిది కిలోల పైచిలుకు తూగింది. దానితో పోల్చి సెక్రటేరియట్ గుండె పది కిలోలు ఉంటుందని అంచనా కట్టారు. అలాంటి రెండు గుండెలు ఒకే ఏడాది, ఒకే పందాల్లో తలపడ్డాయన్నమాట.

పందాలు మానకముందే 60 లక్షల 80 వేల డాలర్లకు సెక్రటేరియట్‌ను సంతానం కోసం 32 వాటాలుగా అమ్మారు. పుట్టిన పిల్లలు ఆరు వందలకు పైనే. రిజెన్ స్టార్, లేడీస్ సీక్రెట్ లాంటివి బాగా గెలిచినా, తండ్రి అంతటి కొడుకు పుట్టలేదని పెదవి విరిచారు. అయితే కూతుళ్ల కడుపున స్టార్మ్ క్యాట్, ఎ.పి. ఇండీ పుట్టాయి. పెద్ద గుండె జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుందని, అందుకే తండ్రి నుంచి కూతుళ్లకే అందుతుందని ఒక వాదన ఉంది. ఇంతవరకూ రుజువు కాలేదు. 2015లో మూడు పందాలూ గెలిచిన అమెరికన్ ఫారో స్టార్మ్ క్యాట్ వంశానిదే. బెల్‌మాంట్‌లో దానికి పట్టిన సమయం 2 నిమిషాల 26.65 సెకన్లు. ఆ దూరానికి అక్కడ సెక్రటేరియట్ పెట్టిన 2 నిమిషాల 24 సెకన్ల రికార్డు నేటికీ అలాగే ఉంది.