ఎంట్రీ లగ్జరీ సెడాన్

ఇంజిన్‌కు, ప్రయాణికులకు, సామానుకు మూడు వేర్వేరు అరలున్న కారు సెడాన్. సాధారణ సెడాన్‌కూ పూర్తి విలాస కారుకూ మధ్య మెట్టు ఎంట్రీ లగ్జరీ సెడాన్. 2021లో భారత్‌కు వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ లిమోజిన్ ఈ కోవలోది. దాని 1.3 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్ శక్తి 163 పీఎస్. 2023 నాటి హ్యుందాయ్ వెర్నా 1.5 లీటర్ల టర్బోది 160 పీఎస్. శక్తి దాదాపు సమానమే అయినా మెర్సిడెస్ ధర వెర్నా ధరకు రెట్టింపు దాటింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లు దాటిన ఇలాంటి పెట్రోలు కార్లన్నింటికీ జీఎస్టీ ఒకటే: 40 శాతం.

వజ్రాల నగరం సూరత్‌లో ఈ అంతస్తుల తేడా కానుకల్లోనూ కనిపించింది. 2018లో వజ్రాల సంస్థ హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ 600 మంది ఉద్యోగులకు చిన్న కార్లు, పాతికేళ్లు పనిచేసిన ముగ్గురికి మెర్సిడెస్ ఎస్‌యూవీలు ఇచ్చింది.