పోరడు సొంతంగ చదివిన గడియ

సర్కారు బడి సార్లను, మేడాలను ఓ మాట అడిగి చూడుండ్రి. "ఇన్నేండ్ల నౌకరీల మీకు మస్తు సంబురమైన దినం ఏది?" అని. జీతం పెరిగిన దినమనో, కలెక్టర్ శాలువ కప్పిన దినమనో చెప్తరని మనం అనుకుంటం. శానమంది అట్ల చెప్పరు. కొద్దిసేపు నవ్వి ఓ పిల్లగాని ముచ్చట తీస్తరు. మూడో తరగతికొచ్చినా ఒక్క ముక్క చదవనోడు, ఓ దినం గోడ మీది మాట కూడబలుక్కొని చదివిండని. ఎప్పుడూ నోరు తెరవని పొల్ల "అట్లెందుకైతది సార్?" అని అడిగిందని. తీసివేత అంటేనే ఏడ్చే పిల్ల బోర్డు కాడికి ఉరికొచ్చి లెక్క చేసి చూపెట్టిందని.

వినేటోళ్లకు గిది చిన్న ముచ్చట. "అంతేనా?" అనిపిస్తది. కానీ ఆ గడియల ఏం జరుగుతదో అర్థమైతే, సర్కారు బడికి ఏం కావాల్నో, మనం సర్కారును ఏం అడగాల్నో కూడా అర్థమైతది. గందుకే ఈ ముచ్చట.

చూసి రాసుడు వేరు, చదువుడు వేరు

శానమంది పిల్లల నోటుబుక్కులు చూస్తే అక్షరాలు ముత్యాల లెక్క ఉంటయ్. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించుతరు. ఇంట్ల అమ్మ, నాయిన మురుస్తరు. గదే పేజీ మీద వేలు పెట్టి "ఈ మాట ఏంది బిడ్డా?" అంటే మాత్రం సప్పుడు చెయ్యరు. ఇంకొందరు పాఠం మొత్తం గడగడ అప్పజెప్తరు. నడుమ ఒక్క మాట చూపెడితే మళ్ల మొదటి నుంచి అందుకోవాలె. చెయ్యికి అలవాటైంది, నోటికి అలవాటైంది. చదువుడు మాత్రం రాలేదు.

ఎందుకట్ల? తెలుగు చదువుడంటే అ, ఆ, ఇ, ఈలు వచ్చుడొక్కటే కాదు. ఒక్క 'క'కు గుణింతం పెడితే కా, కి, కీ, కు, కూ అని మారుకుంట పోతది. మీదికెళ్లి ఒత్తులు. 'కట్టె' అనే మాట మనకు రెండక్షరాలు. పిల్లగానికి నాలుగు పనులు. 'క' గుర్తుపట్టాలె, 'ట' గుర్తుపట్టాలె, దాని మీద ఎత్వం చూడాలె, కింద ఒత్తు చూడాలె. ఇవన్నీ ఒక్కొక్కటి పలుక్కుంట ఆఖరుకొచ్చేసరికి మొదటిది మరిచిపోతడు.

అసుంటి పిల్లగాడు ఓ దినం "క... ట్... టె..." అని ఆగి, "కట్టె!" అంటడు. మొకం వెలిగిపోతది. సార్లు చెప్పేది గా గడియ గురించే. అప్పటిదాంక అవి ఉత్త గీతలు. ఇప్పుడు ఇంట్ల పొయ్యి కాడున్న కట్టె ఆ గీతలల్ల కనిపించింది. సప్పుడుకు అర్థం తోడైంది. ఒక్కసారి గా కిటుకు దొరికినంక పోరడు ఆగడు. బస్సు బోర్డు చదువుతడు, బిస్కెట్ పుడ మీదిది చదువుతడు, గోడల మీది ఎలక్షన్ రాతలు చదువుతడు. "చదువుకుంట మా చెవులు తింటుండు సార్" అని వాళ్లమ్మ వచ్చి చెప్పిందంటే, సారుకు అంతకు మించిన అవార్డు లేదు.

ఇంటి మాట కలిస్తెనే

అర్థం తోడు కావాల్నంటే ఆ మాట పిల్లగానికి ముందే ఎర్క ఉండాలె. ఇంట్ల 'అంగి' అనేటోనికి పుస్తకంల 'చొక్కా' అని ఉంటే, అక్షరాలన్నీ కూడబలుక్కున్నా మొకం వెలగది. పాలమూరు దిక్కు పిల్లలకు 'బుడ్డలు' ఎర్క, 'వేరుశనగ' అంటే కొత్త. తండాలల్ల ఇంట్ల లంబాడి మాట్లాడే పిల్లలకు, ఆదిలాబాద్ గూడేలల్ల గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు అసలు తెలుగే కొత్త. విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంత వరకు తల్లి భాషలనే చదువు చెప్పాలెనంటది.

దాని మీద 2022-23 నుంచి మన రాష్ట్రం సర్కారు బడులల్ల ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చిండ్రు. ఇంగ్లిష్ వద్దని నేను అంటలేను. ఉన్నోని పిల్లకు దొరికేది లేనోని పిల్లకు ఎందుకు దొరకొద్దు? నేననేది ఒక్కటే. ఒక భాషల చదువుడు కుదిరిన పిల్లకు రెండోది అల్కగ వస్తది. ఏ భాషలా కుదరకముందే రెండు నెత్తిన పెడితే రెండూ జారిపోతయ్.

అందుకే తెలివిగల్ల మేడం ముందుగాల బోర్డు మీద 'అంగి' అని రాస్తది. పక్కన 'చొక్కా', దాని పక్కన 'షర్ట్'. మూడు మాటలు, ఒక్కటే బట్ట. పిల్ల ఇంటి మాట తప్పు కాదని బోర్డే చెప్పినట్టైతది. నోరు తెరవని పిల్ల నోరు తెరిచేది గక్కడ్నే.

బజార్ల వచ్చే లెక్క, పలక మీద రాదు

అంగట్ల కూరగాయలమ్మే తల్లి పక్కన కూసున్న పిల్లను "పదిహేడు రూపాలైనయ్, యాభై ఇచ్చిన, ఎంత వాపస్?" అని అడిగితే టక్కున ముప్ఫై మూడు అంటది. గదే పిల్లకు పలక మీద 50లకెళ్లి 17 తీసెయ్యమంటే 47 రాస్తది. సున్నలకెళ్లి ఏడు పోదు కాబట్టి, ఏడులకెళ్లి సున్న తీసేసింది. పిల్లకు లెక్క రాక కాదు. "పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో" అని నేర్పిండ్రు గానీ, ఆ ఒకటి అంటే పది రూపాల నోటని చెప్పలేదు.

కాయితాలు కత్తిరించి ఐదు పది రూపాల నోట్లు చేసి, "పదిహేడు ఇయ్యాలె, ఎట్లిస్తవ్?" అంటే, ఒక నోటు చిల్లర కావాల్నని పిల్లనే అడుగుతది. పది బిళ్లలు చేతుల పెడితే పని అయిపోతది. "ఓ... గింతేనా సార్!" అంటది. గా 'గింతేనా' అనే మాట విననీకె సార్లు నెలలకు నెలలు ఎదురుచూస్తరు.

తరగతి ఒకటి, మెట్టు ఒకటి

'అసర్' రిపోర్టు పేరు పేపర్లల్ల చూసే ఉంటరు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి తీస్తున్న లెక్క అది. పల్లెలల్ల ఇంటింటికి పోయి ఒక్కొక్క పిల్లతోని చదివిస్తరు. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, తర్వాత ఒకటో తరగతి పేరా, ఆఖరుకు రెండో తరగతి కథ. 2024 లెక్కల దేశం మొత్తం మీద పల్లెల సర్కారు బడులల్ల మూడో తరగతి చదివే పిల్లలల్ల, రెండో తరగతి పాఠం చదవగలిగినోళ్లు 23.4 శాతం. 2022ల 16.3 శాతమే. కరోన దెబ్బ తర్వాత పెరిగిన మాట నిజం. కానీ ఇప్పటికీ నలుగురిల ఒక్కరు కూడా నిండలేదు.

దీని అర్థం పిల్లలు మొద్దులని కాదు. ఒక్క మూడో తరగతి గదిల నాలుగు మెట్ల మీద పిల్లలున్నరని. అందరికీ ఒక్కటే పాఠం చెప్పుకుంట పోతే కింది మెట్టు మీదోళ్లు అక్కడ్నే ఉండిపోతరు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో చూసి, అక్కడికెళ్లి చెయ్యి పట్టి ఎక్కియ్యాలె. 2022 ఆగస్టుల ఒకటి నుంచి ఐదో తరగతి దాంక మన దగ్గర పెట్టిన 'తొలిమెట్టు' వెనుక ఆలోచన గిదే. ఆలోచన మంచిదే. కానీ దానికి రెండు కావాలె. టీచర్ దగ్గర తీరిక, ఏడాది పొడుగూత గదే టీచర్.

గడియలు గుంజుకునేది ఎవరు?

చట్టం లెక్క ప్రకారం ప్రైమరీ బడిల అరవై మంది పిల్లల దాంక ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. ఒకరు సెలవు పెట్టినా, మీటింగుకు పోయినా మిగిలేది ఒక్కరే. ఐదు తరగతులు, ఒక్కొక్క తరగతిల నాలుగు మెట్లు. ఎవల చెయ్యని పడతరు?

చదువు కాని పనులు టీచర్లకు చెప్పొద్దని చట్టం 27వ సెక్షన్ల ఉన్నది. పదేండ్ల జనగణన, విపత్తులు, ఎన్నికలకే మినహాయింపు. అయినా 2024 నవంబరుల ఇంటింటి సర్వేకు ప్రైమరీ టీచర్లను పంపి, బడులను ఒక్క పూటకు తెచ్చిండ్రు. కులాల లెక్క తేలాల్సిందే, దానికి నా పూర్తి మద్దతు. కానీ మన లెక్క తీయనీకె మన పిల్లల పూటనే ఎందుకు కోయాలె? చదువుకున్న నిరుద్యోగులు ఊరూర లేరా?

సర్వేలు లేని దినాలల్ల యాప్‌లు. హాజరు ఎక్కియ్యాలె, బువ్వ లెక్క ఎక్కియ్యాలె, ఫొటో పెట్టాలె. పోరడు 'కట్టె' అని చదివే గడియకు ఏ యాప్‌లా గడి లేదు. అది పదిసార్లు తప్పు చదివినంక పదకొండోసారి వస్తది. గా పదకొండోసారి దాంక పక్కన కూసునే తీరిక టీచరుకు లేకపోతే, అది రానే రాదు.

అందరు టీచర్లు దేవుళ్లని నేను చెప్తలేను. ఆలస్యంగ వచ్చి తొందరగ పోయేటోళ్లు ఉన్నరు. "వీళ్లకేం చదువొస్తది" అని పిల్లల ముందటనే అనేటోళ్లున్నరు. వాళ్లను నిలదీయాలె. కానీ పనిచేసే టీచరును తల్లిదండ్రులు గుర్తుపడ్తరు. 2024 జులై బదిలీలల్ల మంచిర్యాల జిల్లా జన్నారం మండలంల ఓ సారు పొనకల్ బడికెళ్లి అక్కపెల్లిగూడకు పోతే, ఆయన వెనుక 130 మందికి పైగ పిల్లలు పోయి కొత్త బడిల చేరిండ్రు. ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి పోలేదు, నమ్మకంతోని పోయిండ్రు. సంబురమే. కానీ ఒక్క సారు మీద నిలబడ్డ చదువు ఆ సారుతోనే పోతదని కూడా గా ముచ్చటే చెప్తది. బడి నిలబడాల్నంటే తరగతికో టీచర్ ఉండాలె.

మనమేం చెయ్యాలె?

ఇంట్ల మార్కులు అడిగే ముందు, పిల్లలు ఎప్పుడూ చూడని కాయితం ఒకటి చేతికియ్యుండ్రి. పెండ్లి కార్డైనా, పాత పేపరైనా సరే. నిమ్మళంగ చదవమనుండ్రి. ఆగితే తిట్టొద్దు, కొట్టొద్దు. ఏ మెట్టు కాడ ఆగిండో చూసి, మర్నాడు బడికి పోయి టీచరుకు చెప్పుండ్రి. చదువురాని తల్లి కూడా ఈ పని చెయ్యొచ్చు. బిడ్డ చదువుతుందో, ఊకె దించుతుందో ఆమెకు మొకం చూస్తే తెలుస్తది.

బడి కమిటీ మీటింగుల గోడలకు రంగులేసిండ్రా, గేటు పెట్టిండ్రా అని అడుగుతున్నం. అవి కూడా కావాలె. ఈసారి మాత్రం ముందుగాల గిది అడుగుండ్రి: "మూడో తరగతిల ఎంతమంది ఉన్నరు? అందుల సొంతంగ చదివేటోళ్లు ఎందరు? మిగిలినోళ్ల కోసం టీచరుకు ఏం కావాలె?" వచ్చిన జవాబు కాయితం మీద రాసి, సంతకాలు పెట్టి ఎంఈవోకు ఇయ్యుండ్రి. మూడో తరగతిల చదువుడు రాని పిల్లకు ఆరో తరగతి సైన్స్ పుస్తకం గోడ లెక్క అడ్డం నిలబడ్తది. తొమ్మిదిల బడి బందైనంక బతిమాలేకన్న, ఇప్పుడు అడుగుడు నయం.