రెండో మైలు

సంచీ సర్దుకుని లేస్తుంటే అవ్వ అడిగింది, “అంతేనా నర్సమ్మా? ఇంగ పోతావా?” అని.

లింగాలలో నేను ఏఎన్‌ఎమ్‌గా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బాలింతకు జ్వరం ఉందేమో చూశాను. బిడ్డను తూచాను. మాత్రలిచ్చి రిజిస్టర్లో రాసుకున్నాను. చేయాల్సిన పనంతా అయింది. ఆ అమ్మాయి మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఒక్క మాటా లేదు. నాకేమో పులివెందుల బస్సు టైమయింది. “అంతే అవ్వా, అన్నీ బాగుండాయి” అనేసి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. చర్చిలో కొండమీది ప్రసంగం గురించి చెబుతున్నారు. రోమా సిపాయి దారినపోయే వాణ్ణి ఆపి తన మూట ఒక మైలు మోయించుకునే రోజులవి. అలా బలవంతపెడితే రెండో మైలు కూడా వెళ్లమన్నారు యేసుప్రభువు. చిన్నప్పటినుంచీ విన్నదే! కానీ ఆ రోజు నా కళ్ల ముందు ఆ గోడే కనిపించింది.

మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. సంచీ లేదు, రిజిస్టరు లేదు. మంచం పక్కన ఊరికే కూర్చున్నాను. గంటసేపటికి నోరు విప్పింది. “బిడ్డను చూస్తే ఏమీ అనిపించడంల్యా అక్కా... బతకాలనే ల్యా” అంది. నా ఒళ్లు జలదరించింది. ముందురోజే కదా ‘అన్నీ బాగుండాయి’ అని చెప్పి వచ్చాను!

“దిష్టి తగిలింటాదిలే” అంది వాళ్లత్త. ఆమెకు నచ్చజెప్పి, ఆ అమ్మాయిని ఒంటరిగా వదలొద్దని చెప్పి, మర్నాడే భర్తను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కాన్పు తర్వాత వచ్చే దిగులు జబ్బు అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో కాన్పయిన ప్రతి 100 మందిలో సుమారు 13 మందికి మానసిక సమస్య వస్తుంది. అందులో ఎక్కువ భాగం ఈ దిగులే. ఇది తల్లి తప్పు కాదు, వైద్యంతో తగ్గుతుంది. ఆ అమ్మాయి కోలుకోవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు చీనీ తోటలో పనికి పోతూ కనిపిస్తే “అక్కా” అని కేకేస్తుంది.

తర్వాతెప్పుడో గుంటూరులో ట్రైనింగుకు వెళ్లినప్పుడు అన్నా కుగ్లర్ గారి గురించి విన్నాను. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఆమె. డాక్టరు చదువు చదివినా, మిషన్ వాళ్లు అప్పజెప్పింది ఘోషా స్త్రీలకు చదువు చెప్పే పని. ఆ పని చేస్తూనే జబ్బుపడ్డ ఆడవాళ్లకు వైద్యం చేసిందామె. 1885లో గానీ మిషన్ ఆమెను డాక్టరుగా నియమించలేదు. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. అప్పజెప్పిన పనితోనే సరిపెట్టుకుని ఉంటే ఆ ఆస్పత్రి ఎక్కడిది?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఆడవాళ్లను రెండో మైలే కాదు, పదో మైలు కూడా నడవమంటారు... ఇంట్లోనూ, ఆఫీసులోనూ. “నీకు ఓపిక ఎక్కువ కదా” అని బరువంతా మన నెత్తినే పెడతారు. అది సేవ కాదు, వెట్టి. ఆలోచిస్తే ఆ సిపాయి మోయించుకున్న మొదటి మైలు వెట్టే కదా! రెండోది మాత్రం ఎవరూ బలవంతపెట్టింది కాదు, మన ఇష్టంతో నడిచేది. అందుకే కాదనాల్సిన చోట నేను కాదనే అంటాను. ఆ ఆదివారం నన్నెవరూ రమ్మనలేదు. నేనే వెళ్లాను.

మీ వీధిలోనూ కొత్తగా కాన్పయిన అమ్మాయి ఎవరైనా ఉండొచ్చు. బిడ్డను చూడ్డానికి అందరూ వస్తారు. మీరు మాత్రం కాసేపు తల్లి దగ్గర కూర్చోండి. “నువ్వెట్లుండావమ్మా?” అని అడగండి. వెంటనే జవాబు రాకపోయినా లేచి వచ్చేయకండి.