గాలి లేని రోజున మొగ ఎందుకు పొంగుతుంది?

యానాం నుంచి గౌతమి వెంట సుమారు 9 కిలోమీటర్లు దిగితే మొగ, నది సముద్రంలో కలిసే చోటు. ఒక్కోరోజు ఆకు కదలదు, ఆకాశం తేటగా ఉంటుంది. అయినా మొగ దగ్గర కెరటాలు విరుచుకుపడుతుంటాయి. గాలి లేకుండా అల ఎలా లేచింది?

గాలి వీచింది, ఇక్కడ కాదు. దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన పెనుగాలులు లేపిన కెరటాలవి. 14 సెకన్లకొకటి వచ్చే కెరటాల గుంపు గంటకు దాదాపు 40 కిలోమీటర్లు నడుస్తుంది. 6 వేల కిలోమీటర్లు దాటి మన దాకా రావడానికి ఆరు రోజులు. అంచేత ఇవాళ్టి వాతావరణ పటంలో బంగాళాఖాతం ఒక్కటే చూస్తే చాలదు. వారం కిందటి పటంలో బాగా దక్షిణాన సమపీడన రేఖలు ఎక్కడ ఒత్తుగా ఉన్నాయో వెతకాలి. అక్కడ గాలి జోరు.

మరి బోయ్‌ ఏం చెబుతుంది? సముద్రంలో లంగరేసిన ఆ తేలుడు పరికరం అలతోపాటు లేచి పడుతూ ఎత్తు, దిశ, ఎన్ని సెకన్లకొక అల అన్నది కొలుస్తుంది. అది చెప్పే ఎత్తు, మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు మాత్రమే. నడుమ ఒకటి దానికి రెట్టింపూ రావచ్చు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌ ఇచ్చే సముద్ర సూచనలోనూ ఈ అంకెలే ఉంటాయి.

అందరూ ఎత్తే చూస్తారు. నేనైతే సెకన్లు ముందు చూడమంటాను. మీటరు ఎత్తు, 6 సెకన్లు అంటే దగ్గరి గాలి రేపిన చిన్న అల. అదే మీటరుకు 14 సెకన్లుంటే, నడి సంద్రంలో పడవకు తెలియనైనా తెలియదు గానీ, మెరక తగలగానే ఒకటిన్నర మీటరు దాటి లేచి విరుగుతుంది.

ఆ మెరక మొగలోనే ఉంది: గోదారి తెచ్చి పోసిన ఇసుక. పాటు వేళ నీరు బయటికి లాగుతుంటే ఎదురొచ్చే కెరటం నిక్కి నిటారుగా లేస్తుంది. అదే కెరటం పోటు మీద కాస్త మెత్తబడుతుంది. కాబట్టి సూచన పక్కన ఆటుపోట్ల పట్టిక పెట్టుకోకపోతే సగం చదివినట్టే.

కాకినాడ సంగతి వేరు. హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డం ఉండబట్టి అక్కడి అఖాతం చాలాసార్లు నెమ్మదిగానే ఉంటుంది. ఆ ఒడ్డున నిలబడి గౌతమి మొగ బాగుందని చెప్పేవాళ్ల మాట మీద పడవ తీయకూడదు.