బ్రేకు ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లు వస్తాయి? మా బాబాయ్ పికప్ చెప్పిన జవాబు

"బాబాయ్, బ్రేకు ప్యాడ్లు మార్చి ఎన్నాళ్లయింది?"

"మొన్ననేగా అబ్బాయా."

ఆ 'మొన్న' ఎప్పుడో తర్వాత బిల్లు చూస్తే తెలిసింది. రెండు మిర్చి సీజన్ల కిందట!

మాది గురజాల దగ్గర పల్లె. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, బాబాయ్‌ది పికప్ బండి. సంక్రాంతి దాటిందంటే ఆ బండికి రెస్ట్ ఉండదు. మిర్చి టిక్కీలు ఎత్తుకుని గుంటూరు యార్డుకి, అక్కడి నుంచి ఎరువుల బస్తాలతో మళ్లీ ఊరికి.

పోయిన శివరాత్రికి ముందు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊళ్లో ఉన్నాను. శ్రీశైలంలో అన్నదానానికి మా ఊరివాళ్లు బియ్యం పంపుతుంటే నేనూ బండెక్కాను. మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల దాటి ఘాట్‌లోకి వెళ్లాం. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. శిఖరేశ్వరం దాటి శ్రీశైలం వైపు దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తబడింది. తొక్కుతుంటే కాలు లోపలికి పోతోంది, బండి మాత్రం ఆగట్లేదు.

బాబాయ్ ఒక్క మాట మాట్లాడలేదు. గేరు మూడు నుంచి రెండుకి దించాడు. హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, కొండవైపు అంచుకి తెచ్చి ఆపాడు. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. నేను కంగారుగా నీళ్ల బాటిల్ తీస్తే చెయ్యి పట్టుకున్నాడు. "వేడి డిస్కు మీద చన్నీళ్లు పోస్తే వంకరపోద్దిరా. ఆరనియ్."

తిరిగొచ్చాక మెకానిక్ చక్రాలు విప్పాడు. ముందు ప్యాడ్లలో మిగిలింది 2 మిల్లీమీటర్లే. "అసలు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలన్నా?" అనడిగాను. ఆయన నవ్వాడు. "ఒక బండికి 20 వేలకే అయిపోతాయి, ఇంకోటి 60 వేలు లాగుద్ది. కిలోమీటర్లు కాదు తమ్ముడూ, ఏం మోశావు, ఎట్టా తోలావు అనేది చూడాల."

ఆ మాట నిజమో కాదో లెక్క వేసి చూశాను.

లెక్క ఇదీ

బ్రేకు చేసే పని ఒక్కటే. బండి వేగంలో ఉన్న శక్తిని వేడిగా మార్చడం. లోడుతో కలిపి 3 టన్నుల బండి 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే సుమారు 4.2 లక్షల జౌళ్ల వేడి పుడుతుంది. అదే బండి 80లో ఉంటే 7.4 లక్షలు. వేగం పెరిగింది మూడోవంతు, వేడి పెరిగింది 78 శాతం!

ఇక ఘాట్ సంగతి. ఆ బండే 100 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 29 లక్షల జౌళ్లు దాటుతుంది. గేరు సాయం లేకుండా బ్రేకు మీదే దిగితే, 60 వేగం నుంచి 7 సార్లు వరసగా ఆపినంత భారం ప్యాడ్ల మీద పడుతుంది. మధ్యలో చల్లారే టైమ్ కూడా ఉండదు.

అరిగిన ప్యాడ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. ప్యాడ్ మందంగా ఉంటే డిస్కు వేడిని కొంత అడ్డుకుంటుంది. పల్చబడితే ఆ వేడి నేరుగా బ్రేకు ఆయిల్‌కి చేరుతుంది. పాత ఆయిల్‌లో తేమ ఉంటుంది కాబట్టి తొందరగా మరిగి బుడగలొస్తాయి. పెడల్ తొక్కితే ఆ బుడగలు నలుగుతాయి తప్ప బ్రేకు పట్టదు. శిఖరేశ్వరం దిగేటప్పుడు మాకు జరిగింది ఇదే.

ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

పికప్‌లలో ఎక్కువగా ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉంటాయి. బ్రేకు వేస్తే బరువు ముందుకి వాలుతుంది కాబట్టి ముందు ప్యాడ్లే తొందరగా అరుగుతాయి. చక్రం విప్పినప్పుడల్లా వాటి మందం చూడండి. లోపలి ప్యాడ్ కూడా చూడాలి, చాలాసార్లు అదే ముందు అయిపోతుంది. 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే ఇక ఆలోచించకండి, మార్చేయండి.

ఇంకెన్నాళ్లు వస్తాయో తెలియాలంటే చిన్న లెక్క చాలు. కొత్త ప్యాడ్ 10 మిల్లీమీటర్లు అనుకుందాం. 15 వేల కిలోమీటర్లకి 6 మిగిలితే, అరిగింది 4. అంటే మిల్లీమీటరుకి 3,750 కిలోమీటర్లు. 3 దాకా రావడానికి ఇంకో 11 వేలు. కానీ సీజన్‌లో లోడు పెరిగితే ఈ లెక్క తప్పుతుంది, అందుకే మధ్యలో మళ్లీ కొలవాలి.

కీచుమని శబ్దం వస్తే ప్యాడ్ అయిపోవచ్చిందని హెచ్చరిక. గరగరమంటే ఇనుము డిస్కుని కోస్తున్నట్టే, అప్పుడు డిస్కు ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. బ్రేకు ఆయిల్ మట్టం తగ్గితే పైన పోసి ఊరుకోకండి. ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది. ఒకవైపే అరుగుతుంటే క్యాలిపర్ పిన్నులు పట్టేశాయేమో చూపించండి. పిడుగురాళ్ల సున్నం దుమ్ములో తిరిగే బళ్లయితే సర్వీస్‌లో వాటిని శుభ్రం చేయించడం మర్చిపోవద్దు.

ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్ మాట అసలొద్దు.

మా బాబాయ్‌కి ఇవన్నీ తెలియక కాదు. బండి ఒక రోజు షెడ్‌లో ఉంటే ఆ రోజు కిరాయి పోతుంది, ఈఎమ్ఐ మాత్రం ఆగదు. "ఈ నాలుగు ట్రిప్పులు అయ్యాక మారుద్దాం" అనుకుంటూ సీజన్ గడిపేశాడు. అలా వాయిదా వేసిన ఆ ఒక్క రోజు ఖరీదు ఎంతో ఘాట్‌లో ఇద్దరం చూశాం.

ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద చిన్న డైరీ ఉంది. డీజిల్ లెక్కల పక్కనే కొత్తగా ఒక గడి. మొన్న నేను మీటింగ్‌లో ఉండగా బాబాయ్ ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు.

"అబ్బాయా, 6 ఉంది. రాస్కో."